దిగుమతికి ముందు తనిఖీ

వాడ యనగా నోడ. ఓడలు నిలుచు రేవను నర్థమే చీరాల చెంతనున్న వాడరేవు పేరునందు నిలిచియున్నది. సరకు దిగునట్టి ప్రతి రేవునందును మన పెద్దలు మూడు ప్రశ్నలు వేయుచుండిరి: ఈ సరకెవరిది? మూటలో నేమున్నది? చెడిన యెడల జవాబుదారి యెవరు? నేడు ఓడతో నిమిత్తము లేకయే యింటింటను దిగుమతి జరుగుచున్నది. రైతు ఫోనులోనికిని, విద్యార్థి ట్యాబులోనికిని, జాలరి చేతి పెట్టెలోనికిని దినదినమును యాపులు దిగుచున్నవి. డౌన్‌లోడునకు దిగుమతియని తెలుగు చేసికొంటిమి గాని, ఆ మాటతో వచ్చు జాగ్రత్తను వెంట దెచ్చుకొనలేదు. యాపును దింపి నిలుపుకొనుట యొక మీట నొక్కినంత తేలికగా కనబడును. నిజమునకది మన యధికారములో కొంత భాగమును పరులకు వ్రాసియిచ్చుటయే. ఈ వ్రాతను చదువక సంతకము చేయు పౌరులదెంత లోపమో, చదువుటకు వీలుగాని వ్రాతపై బలవంతముగ సంతకము కోరు ప్రభుత్వములదియు నంత లోపమే.

మొదట దీని ప్రయోజనమును కాదనరాదు. హైదరాబాదునందలి భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము అలల యెత్తును, చేపలు విస్తారముగ దొరకగల తావులను, సునామీ హెచ్చరికలను ప్రకటించుచున్నది. వేటకు పోవు వాడరేవు జాలరి కా వార్త వేళకు చేతి కందుట ప్రాణరక్షణము. మెట్ట పొలములలో ప్రత్తి పండించు గుంటూరు, ప్రకాశము ప్రాంతముల రైతునకును యాపు లిప్పుడు తప్పనివైనవి. 2025-26 కాలమునకు భారత ప్రత్తి సంస్థ కపాస్ కిసాన్ అను యాపును ప్రవేశపెట్టెను. రైతు తన ఆధారును, భూమిని, పంటను అందు నమోదుచేసికొని, కొనుగోలు కేంద్రమునకు సరకు తెచ్చు దినమును ముందుగా నిర్ణయించుకొనవలయును. ఆ యేటికి పొడుగుపింజ ప్రత్తికి క్వింటాలునకు 8,110 రూపాయలును, మధ్యరకమునకు 7,710 రూపాయలును కనీస మద్దతుధరగా నిర్ణయింపబడినవి. బండ్లు కేంద్రముల ముంగిట రాత్రింబగళ్లు నిలువకుండుటయు, దళారి రైతుపేర సరకమ్మకుండుటయు కోరదగినవే. ఉద్దేశము మంచిదైనంత మాత్రమున పద్ధతిని పరీక్షింపవలదనుట మాత్రము చెల్లదు.

ఇన్‌స్టాల్ అనగా నేమో తెలిసికొనుట యవసరము. డౌన్‌లోడ్ వేఱు, ఇన్‌స్టాల్ వేఱు. మొదటిది మూటను ఒడ్డునకు చేర్చుట; రెండవది మూటవిప్పి, అందలి మనిషికి మన యింట గది నిచ్చుట. ఆ పిదప నతడు తాళపుచెవు లడుగును: పేర్ల పట్టిక, ఫొటోలు, మైకు, కెమెరా, మనమున్న చోటు, వచ్చు సందేశములు. 2015లో వెలువడిన ఆండ్రాయిడ్ ఆఱవ కూర్పునకు పూర్వము ఈ యనుమతుల నన్నిటిని ఇన్‌స్టాల్ చేయునప్పుడే మొత్తముగ నొప్పుకొనవలసి యుండెను. అటుపిమ్మట ముఖ్యమైన యనుమతులను వేఱువేఱుగ నిచ్చుటకును, నిరాకరించుటకును, ఇచ్చినవానిని సెట్టింగులలోనికి పోయి రద్దుచేయుటకును వీలు కలిగినది. ఈ హక్కు పదేండ్లకు పైగా చేతనుండియు, దానిని వాడుకొనువారు మన గ్రామములలో నెందఱు?

పొలమున కొక ముఖ్తారునామా వ్రాయవలసివచ్చినచో సర్వే నంబరు, హద్దులు, విస్తీర్ణము ఒకటికి రెండుమారులు చదివింపక వ్రేలిముద్ర వేయు భూస్వామి మన సీమలో లేడు. అట్టి జాగ్రత్తపరుడే ఫోనుపై “అనుమతింపుము” అను మాట కనబడినంతనే చదువక నొక్కును. సందేశములు చదువు ననుమతి నిచ్చినవాడు బ్యాంకు పంపు ఓటీపీని గూడ నిచ్చినవాడే. వికలాంగుల సౌకర్యమునకై యేర్పడిన యాక్సెసిబిలిటీ యను నధికారమును దుష్టుని యాపునకిచ్చినచో, తెరపై కనబడునదెల్ల నది చదువగలదు. మనకు బదులు మీటలు నొక్కగలదు. దీపమున కింత నూనె యడిగిన లాంతరు యాపు మన బంధువుల ఫోను నంబర్ల నడిగినచో, ఎందులకని ప్రశ్నింపవలదా?

ఈ భయము ఊహాకల్పితము కాదు. 2020 డిసెంబరులో హైదరాబాదు ప్రాంతమున ఋణయాపుల దుండగములపై పోలీసులు పెక్కు కేసులు నడపిరి. కొలది వేలు అప్పిచ్చి, ఫోనులోని పేర్ల పట్టికను గైకొని, బంధుమిత్రులకెల్ల అవమానకరమైన సందేశములు పంపి వసూలు చేయుట వారి పద్ధతి. ఊరిలోని వడ్డీవ్యాపారి యెంత కఠినుడైనను తాకట్టు వస్తువునే పట్టుకొనును; వీరు మానమునే తాకట్టు పట్టిరి. రిజర్వుబ్యాంకు నియమించిన పరిశీలక బృందము 2021 నవంబరునందు ప్రకటించిన నివేదిక ప్రకారము, ఆ యేటి జనవరి ఫిబ్రవరి మాసములలో 80కి పైగా యాప్ స్టోరులలో భారతీయులకు లభించిన ఋణయాపులు సుమారు 1,100. వానిలో 600 అక్రమమైనవి. సగమునకు మించిన సరకు దొంగసరకైన సంతను ఏ మునిసిపాలిటీయైనను ఒక్కదినము తెఱచియుంచునా? 2022 సెప్టెంబరునందు రిజర్వుబ్యాంకు ఋణయాపులు ఫోనులోని పేర్ల పట్టికను, ఫైళ్లను ముట్టరాదని శాసించెను. 2025 జూలై 1 నుండి తన పర్యవేక్షణలోని సంస్థల ఋణయాపుల పట్టికను తన వెబ్‌సైటునం దుంచినది. అప్పు చేయదలచినవాడు ముందుగా నా పట్టికను చూడవలయును.

ఇంతకంటె మోసకరమైన ద్వారము మఱొకటి గలదు. స్టోరుతో సంబంధము లేక వాట్సాపులో ఏపీకే యను ఫైలు వచ్చును. బండికి చలానా పడినదనియో, బ్యాంకు ఖాతా నిలిచిపోవుననియో, ప్రభుత్వ సాయము మంజూరైనదనియో దానిపై వ్రాసియుండును. ఇట్టి ఫైలును ఇన్‌స్టాల్ చేయబోవునప్పుడు ఆండ్రాయిడు తెలియని మూలమని హెచ్చరించి, ప్రత్యేకానుమతి కోరును. ఆ హెచ్చరికయే కడపటి కావలివాడు. వానిని మనమే త్రోసి తలుపు తీసినచో నింక రక్షించువాడు లేడు. సొమ్ము పోయినదని తెలిసిన తక్షణమే 1930 నంబరునకు ఫిర్యాదు చేయవలయును. ఆలస్యమైన కొలది సొమ్ము ఖాతానుండి ఖాతాకు దాటిపోవును.

ఇక ప్రభుత్వముల సంగతి. వాడరేవున్న బాపట్ల జిల్లాలోనే, చుండూరు మండలము యడ్లపల్లిలో 2022 డిసెంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి శ్రీ జగన్మోహనరెడ్డి ఎనిమిదవ తరగతి విద్యార్థులకు ట్యాబుల పంపిణీ ప్రారంభించిరి. 4,59,564 మంది విద్యార్థులకును, 59,176 మంది యుపాధ్యాయులకును, మొత్తము 5,18,740 ట్యాబులు నిర్ణయింపబడినవి. బైజూస్ సంస్థవారి పాఠములు వానియందు ముందుగనే నిలుపబడెను. అవాంఛితములైన యాపులు దిగకుండ తాళము వేయబడెను. పేదపిల్లవాని చేతికి ధనవంతుని బిడ్డ చదువు పాఠమే వచ్చుట గొప్ప సంగతి. పిల్లల ట్యాబునకు తాళముండుటయు సబబే. కాని తాళముతోనే విద్య ముగియదు. ఏ యాప్ దింపవచ్చునో, ఏది దింపరాదో, ఎందులకో బోధింపక తాళము మాత్రమే వేసినచో, పిల్లవాడు నేర్చుకొనునది తాళము తీయు విద్యయే.

మఱొక పాఠమును గలదు. పాఠములు సమకూర్చిన ఆ బైజూస్ సంస్థపైననే 2024 జూలై 16న బెంగళూరునందలి జాతీయ కంపెనీల న్యాయాధికరణము దివాలా విచారణకు స్వీకరించెను. అచ్చుపుస్తకము ప్రకాశకుడు దివాలా తీసినను అలమరలో చెక్కుచెదరక యుండును. యాపు అట్టిది కాదు. కాలానుగుణముగ దిద్దుబాట్లు రానిచో లోపములు పేరుకొని, కొత్త కూర్పులలో పనిచేయుట మానును. ప్రజాధనముతో యాపును కొనునప్పుడు, చేసినవాడు లేకపోయినను అది బ్రదుకు నేర్పాటు కరారునందుండవలదా?

బలవంతము సంగతి యింకను గమనింపదగినది. 2025 నవంబరు 28న కేంద్ర టెలికం శాఖ కొత్త ఫోనులన్నిటియందు సంచార్ సాథీ యాప్ ముందుగనే నిలిపియుండవలయునని తయారీదారుల నాదేశించెను. పోయిన ఫోనులను స్తంభింపజేయుటకును, తన పేర నెన్ని సిమ్ములున్నవో తెలిసికొనుటకును ఉపకరించు ఆ యాపు మంచిదే. ప్రజ లభ్యంతరపెట్టినది దాని గుణమును గాదు, అడుగక యింట ప్రవేశించుటను. డిసెంబరు 3న ప్రభుత్వ మా యాదేశమును ఉపసంహరించుకొనెను. ప్రజాభిప్రాయమును మన్నించుట ప్రశంసనీయము. ఐనను ఆదేశము చూపని బలవంతమును అవసరము చూపును. యాపు లేనిదే ప్రత్తి కొనుగోలునకు దినము దొరకదన్నచో, రైతునకు నిరాకరించు స్వేచ్ఛ పేరునకు మాత్రమే యున్నది.

ప్లే స్టోరునుండియే దింపుకొనుడు, చిక్కులు తీరునని కొందఱందురు. అపరిచితుని ఫైలుకంటె స్టోరు మేలనుట నిజము. కాని ద్వారపాలకుడే నిర్దోషి యని తీర్మానింపరాదు. ఆండ్రాయిడ్ విషయమున తన ప్రాబల్యమును దుర్వినియోగము చేసెనని భారత పోటీ కమిషను 2022 అక్టోబరు 20న గూగుల్ సంస్థకు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించెను. 2023 మార్చి 29న అప్పీలు న్యాయాధికరణము కమిషను ఉత్తర్వులలో కొన్నిటిని కొట్టివేసినను జరిమానాను నిలిపెను. స్టోరు తనిఖీ తనిఖీలో నొక భాగమే, మిగిలినది మనది.

కావున కర్తవ్యము రెండు వైపుల నున్నది. ఇంటి పెద్ద లాదివారమున నొక గడియ కూర్చుండి, ఇంటనున్న ఫోనులను, ట్యాబులను తెఱచి, ఏ యాపునకేమి యనుమతి యున్నదో చూచి, పనిలేనివానిని తొలగింపవలయును. తొలగించినంతనే మన వివరములు వారి యొద్దనుండి తొలగవు. ఖాతాను రద్దు చేయుమని వేఱుగ కోరవలయును. తమ పాలేరు, కౌలుదారుల ఫోనులను గూడ చూచి చెప్పుట భూస్వాములకు ధర్మము.

ప్రభుత్వములనుండి మనము కోరునవి మూడు. మొదటిది, ప్రతి యనుమతియు నెందులకో తెలుగున, పామరునకు తెలియునట్లు చెప్పవలయును. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో నోటీసు పొందు వీలును కల్పించినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్య బాధ్యతలకు పదునెనిమిది నెలల గడువున్నది. చట్టము నిర్బంధించువఱకు ప్రభుత్వపు యాపులే వేచియుండుట న్యాయము గాదు. రెండవది, యాపు తప్పనిసరియైన చోటనెల్ల ఫోను లేనివానికి, చదువు రానివానికి, భూమిపత్రము తనపేర లేని కౌలుదారునకు, గ్రామముననే మనిషి కూర్చుండు మఱొక ద్వారముండవలయును. మూడవది, పని తీరిన యాపును తొలగించు మార్గమును, తీసికొన్న వివరములను చెఱపివేయు మార్గమును, దింపు మార్గమంత తేటగా చూపవలయును.

ఇవి పెద్ద వ్యయముతో కూడినవి కావు. పౌరుని పెట్టెలో నడుగిడుటకు ముందు తలుపు తట్టి, పేరు చెప్పి, పని చెప్పుట మర్యాద. ఆ మర్యాదను వర్తకునియొద్ద కోరుచు ప్రభుత్వమునకు మినహాయింపు నిచ్చుట తగదు.