తిట్టే హక్కు వాడుకుంటూనే స్వేచ్ఛ లేదంటారా?

పల్నాడు జిల్లా ఎడ్లపాడులో జాతీయ రహదారి పక్కన ఏ టీ కొట్టు దగ్గరైనా పొద్దున్నే కాసేపు నిలబడండి. ఒకాయన ముఖ్యమంత్రిని కడిగేస్తుంటాడు. ఇంకొకాయన మాజీ ముఖ్యమంత్రి చిట్టా విప్పుతాడు. ప్రధాని దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒక్కటవుతారు. గొంతు తగ్గించేవాడు లేడు, వెనక్కి తిరిగి చూసేవాడూ లేడు. గ్లాసు కింద పెట్టి ఒకరు మిల్లుకు, ఒకరు మిరప చేనుకు వెళ్లిపోతారు.

నాయకుల మాట వేరు. ప్రతిపక్షంలో ఉన్నంతకాలం ఇది పోలీసు రాజ్యమే. వామపక్షాలకు అప్రకటిత ఎమర్జెన్సీ. మితిమీరిన స్వేచ్ఛే దేశాన్ని పాడుచేసిందన్నది మరో పక్షం గోడు. 1975 జూన్ 25 తర్వాత పత్రికలు సెన్సారు అధికారి అనుమతి కోసం ఎదురుచూసిన రోజులు తెలిసినవారు ఇంత తేలిగ్గా మాట్లాడరు.

పల్నాడైతే అసలే అలా మాట్లాడకూడదు. అడవిలో పశువులు మేపుకోవడానికి తెల్లదొరలు వేసిన పుల్లరి కట్టబోమన్నందుకు 1922లో కన్నెగంటి హనుమంతును పోలీసులు కాల్చి చంపారు. అదే ఏడాది ఎడ్లపాడుకు దగ్గర్లోని పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి వెంట రైతులు శిస్తు బిగబట్టారు. పాలకుల్ని ప్రశ్నించే ఈ హక్కు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు.

దాన్ని చులకన చేసే పార్టీలే గద్దెనెక్కగానే దానిమీద కాలు పెడుతున్నాయి. మా అభియోగం ఇదే. రోడ్లపై సభలు, ర్యాలీలను కట్టడి చేస్తూ 2023 జనవరి 2న గత ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చింది. దానికి ఆధారం 1861 నాటి పోలీసు చట్టం! ఆ ఏడాది మే 12న ఆ జీవోను హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం మారింది, తీరు మారలేదు. టీవీ చర్చలో మరొకరు అన్న మాటలకు 2025 జూన్‌లో సీనియర్ జర్నలిస్టు కొమ్మినేని శ్రీనివాసరావును అరెస్టు చేశారు. నాలుగైదు రోజుల్లోనే విడుదల చేయమని సుప్రీంకోర్టు ఆదేశించింది. రెండుసార్లూ ప్రభుత్వం చెయ్యి పట్టి ఆపిన వ్యవస్థ ఈ దేశంలోదే. దాన్ని చూసి గర్వపడతాం. అయితే ఢిల్లీ దాకా వెళ్లే స్తోమత పేరున్నవారికి ఉంటుంది. వాట్సాప్‌లో ఒక పోస్టు పంచుకుని స్టేషన్ బెంచీ మీద కూర్చున్న కూలీ కొడుక్కి ఎక్కడుంది? ఆ తప్పు రెండు పార్టీలదీ.

మాట మీదే కాదు, ఓటు మీదా దాడి జరిగింది. 2024 మే 13న రెంటచింతల మండలం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో అప్పటి మాచర్ల ఎమ్మెల్యే ఈవీఎంను నేలకేసి కొట్టడం వెబ్ కెమెరాకు చిక్కింది. అడ్డుపడ్డ ఏజెంటుపై దాడి జరిగింది. అయినా ఆ రోజు జనం వెనక్కి తగ్గలేదు. రాష్ట్రంలో 81 శాతానికి పైగా ఓటేశారు. స్వేచ్ఛ విలువ వరుసలో నిలబడ్డ ఆ ఆడవాళ్లకు, ముసలివాళ్లకు తెలిసింది. వేదికల మీదివారికే తెలియలేదు.

2020 మార్చిలో స్థానిక ఎన్నికల నామినేషన్ల వేళ మాచర్లలో ప్రతిపక్ష నేతల కారుపై పట్టపగలు దాడి చేశారు. అది మళ్లీ జరగకుండా, రాబోయే పంచాయతీ ఎన్నికల్లో ఎడ్లపాడు నుంచి మాచర్ల దాకా ఎవరి నామినేషన్‌కూ అడ్డురామని అధికారపక్షం ఇప్పుడే బహిరంగంగా చెప్పాలి. విమర్శించినందుకు పెట్టిన కేసులను, తమవాళ్లవే కాదు, ఎదుటి పార్టీవాళ్లవీ ఎత్తేయాలి. ప్రతిపక్షం కూడా తన ఐదేళ్లలో పెట్టిన కేసులకు జనానికి క్షమాపణ చెప్పాలి.