ఎనిమిదేళ్ళ పిల్లకి మొగుడి బెంగా?

మొన్న ఆషాఢంలో మా ఆడపడుచు కూతురు గోరింటాకు కడుక్కుని ఏడుపు మొహంతో వచ్చింది. "అత్తా, నాకు పండలేదు" అంది. పక్కనున్న పెద్దావిడ నవ్వుతూ "అయితే నీకు నల్ల మొగుడేనే!" అనేసింది. పిల్లకి ఎనిమిదేళ్ళండీ. నాకు ఒళ్ళు మండిపోయింది.

మన చిన్నప్పటి ఆటలు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గోరింటాకు ఎర్రగా పండితే మంచి మొగుడు. అట్లతద్దికి తెల్లారకుండా లేచి గోంగూర పచ్చడి, పెరుగుతో అన్నం తిని, వీధుల్లో గెంతి, ఉయ్యాలలూగి, రాత్రి చందమామని చూశాక అట్లు వాయనమిచ్చేవాళ్ళం. ఎంత సరదాగా ఉండేదో! కోరుకోవలసింది మాత్రం ఒక్కటే, మంచి మొగుడు. హైస్కూలుకొచ్చాక ఫ్లేమ్స్. రెండు పేర్లలో కలిసిన అక్షరాలు కొట్టేసి, మిగిలినవి లెక్కబెట్టేవాళ్ళం. 'ఎనిమీ' వస్తే ఊరుకునేవాళ్ళమా? ఇంటిపేరు కలిపి 'మ్యారేజ్' వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ లెక్కే. కాగితం మీద రాత మార్చుకోవచ్చని అంత తెలిసినవాళ్ళం, బతుకులో మార్చుకోవచ్చని మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా ఇంట్లో అందరికంటే ఎర్రగా పండేది మా పెద్దక్క చెయ్యి. "దీని మొగుడు దీన్ని పువ్వుల్లో పెట్టి చూసుకుంటాడు" అని పేటంతా అనేవారు. పెళ్ళయిన రెండో ఏడు అక్క ఒంటి మీద దెబ్బలతో పుట్టింటికొచ్చింది. "నీ నుదుట అలా రాసుంది, సర్దుకోవాలమ్మా" అని మూడోనాడే బస్సెక్కించారు. పండిన చెయ్యి గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

"సరదాకన్న మాటలకి ఇంత రాద్ధాంతమా?" అంటారేమో. సరదాయే అయితే మగపిల్లలకేదీ? మా తమ్ముడూ అరచేతిలో చందమామ పెట్టించుకునేవాడు. మంచి పెళ్ళాం వస్తుందని వాడితో ఎవరూ అనలేదు. గోదావరి గట్టు మీద చిలక జోస్యం చెప్పించుకున్నా వాడికి ఉద్యోగం, మాకు పెళ్ళి.

గోరింటాకు పండడంలో మొగుడి ప్రమేయం ఏమీ లేదు. ఆకులో లాసోన్ అనే పదార్థం ఉంటుంది, అది చర్మానికి పట్టుకుని రంగిస్తుంది. ఆకు మంచిదై, మెత్తగా రుబ్బి, ఎక్కువసేపు ఉంచుకుంటే పండుతుంది. అంతే.

రాతలు చెరిపిన ఊరు మనది. 1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించింది మన రాజమండ్రిలోనే. చిన్నప్పుడే భర్త పోయిన పిల్లని "దాని రాత అంతే" అని లోకం వదిలేసిన రోజులవి. ఆయన వదల్లేదు. ఆ గాలి పీల్చి పెరిగిన మనం ఇంకా అరచేతిలో మొగుణ్ణి వెతుకుతున్నాం.

పండగలు మానమనడం లేదు నేను. ఆకు కోయండి, రుబ్బండి, పిల్లలందరికీ పెట్టండి, అట్లు పొయ్యండి. ఆ ఒక్క మాట మానెయ్యండి చాలు. ఎర్రగా పండితే "ఎంత బాగుందే నీ చెయ్యి" అనండి. అది ఆ పిల్ల చెయ్యి, దాన్ని ఇంకొకడి ఖాతాలో వెయ్యకండి.

అన్నట్టు, మర్నాడు పొద్దుటికి మా పిల్ల చెయ్యి బాగా ఎర్రబడింది. గోరింటాకు రంగు ఒకరోజు గడిచాకే తేలుతుంది. "నల్ల మొగుడు పోయాడా అత్తా?" అనడిగింది. ఆ ప్రశ్న దాని నోట్లో పెట్టింది మనమే కదండీ.