మాటే మందు... అయితే ఏ మాట?

'మనసు బాగా లేకపోతే గోలీలు ఇస్తరని తెలుసు. ఉత్త ముచ్చట్లతోని కూడా నయమైతదా?'

సైకోథెరపీ అనగానే చాలామందికి వచ్చే సందేహం ఇది. 'మాట్లాడటానికి డాక్టరెందుకు, ఇంట్లో మేం లేమా?' అన్నది ఇంకొందరి మాట. రెండూ న్యాయమైన ప్రశ్నలే. జవాబు కోసం ఓసారి డోర్నకల్ దాకా వెళ్లొద్దాం.

డోర్నకల్ అంటే రైల్వే జంక్షన్. కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే దారిలో ఉంటుంది. భద్రాచలం రోడ్ వెళ్లే లైను ఇక్కడే చీలుతుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. చుట్టుపక్కల మిర్చి పండిస్తారు. 2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు పడి ఈ ప్రాంతంలో ఎన్నో తోటలు పాడైపోయాయి.

అలా తోట పోగొట్టుకున్న ఒక రైతును ఊహించుకోండి. పంట పోయింది, అప్పు మిగిలింది. వారాలు గడిచినా మనిషి లేవడు. చేను వైపు పోడు. నిద్ర లేదు, తిండి లేదు. ఇచ్చిన చాయ్ ఇచ్చినట్టే చల్లారిపోతుంది. 'ధైర్యంగ ఉండన్నా' అంటారు స్నేహితులు. 'జర పిల్లల మొకం చూడు' అంటుంది భార్య. ఆయన నోట ఒకటే మాట... 'ఇగ నాతోని ఏదీ కాదు.'

ఇది బద్ధకం కాదు, కుంగుబాటు. డాక్టర్లు డిప్రెషన్ అనే జబ్బు. ఈ రైతు ఒక థెరపిస్టు దగ్గరికి వెళ్లాడనుకుందాం. అక్కడేం జరుగుతుంది? ఆ థెరపిస్టు ఏ పద్ధతిలో పనిచేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఆలోచనను పట్టుకుంటే...

1960లలో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన దారి ఇది. ఇప్పుడు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటున్నాం. ఇందులో 'అలా అనుకోకు' అని ఎవరూ చెప్పరు. 'ఆ పురుగు పక్క తోటల్లో పడలేదా? అంతకుముందు ఏళ్లలో పంట తీసిందెవరు?' అని అడుగుతారు. 'నాతోని కాదు' అన్న మాటకు సాక్ష్యాలు ఒకవైపు, దానికి ఎదురు నిలిచేవి మరోవైపు కాగితం మీద రాయిస్తారు. 'ఈ పంట పోయింది', 'నేను పనికిరాను'... ఈ రెండూ ఒకటి కాదని ఆయనకే తెలిసొస్తుంది.

పనిని పట్టుకుంటే...

మనసు బాగుపడ్డాక పనిలోకి దిగుదాం అనుకుంటాం. ఈ పద్ధతి దాన్ని తిరగేస్తుంది. ముందు చిన్న పని, మనసు దాని వెనకాలే వస్తుంది. రేపు పొద్దున చేను ఒడ్డు దాకా వెళ్లి రావడం, అంతే. వచ్చే వారం పాత దోస్తు ఇంటికి. వెళ్లొచ్చాక ఎలా ఉందో రాసుకోవడం. భయాలకూ ఇలాంటి మెట్ల దారే ఉంది. రైలెక్కాలంటే గుండె దడ పుట్టే అమ్మాయిని మొదటిరోజే దూరప్రయాణం చేయమనరు. ముందు ప్లాట్‌ఫారం మీద కూర్చోబెడతారు. తర్వాత ఒక్క స్టేషన్ దూరం. ఆ తర్వాతే ఖమ్మం.

గతంలోకి వెళ్తే...

ఇది వియన్నా డాక్టర్ ఫ్రాయిడ్ వేసిన బాట. మన దేశానికి కొత్తదేం కాదు. 1922లోనే గిరీంద్రశేఖర్ బోస్ కలకత్తాలో సైకోఅనలిటికల్ సొసైటీని పెట్టారు. మన రైతుకు చిన్నప్పుడు తండ్రి 'నువ్వు దేనికీ పనికిరావు' అని ఉండొచ్చు. ఈరోజు అప్పులవాడి మాట ఆ పాత గాయం మీదే పడుతూ ఉండొచ్చు. ఆ లంకె దొరికితే ఇప్పటి నొప్పికి కొంత అర్థం తెలుస్తుంది. దీనికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడతాయి.

కేవలం వింటే...

అమెరికా సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ దారి ఇది. సలహా ఇవ్వరు, తప్పు పట్టరు, మనసుపెట్టి వింటారు. ఊరంతా బుద్ధి చెబుతున్న మనిషికి అదే పెద్ద ఊరట. చెప్పుకుంటూ చెప్పుకుంటూనే తన దారి తాను వెతుక్కుంటాడు.

ఇంటిల్లిపాదినీ కూర్చోబెడితే...

భార్య దిగులు కోపమై బయటికొస్తోంది. కొడుకు చదువు మానేద్దామనుకుంటున్నాడు, నాన్నకు చెప్పలేదు. ఇలాంటప్పుడు ఒక్కరికి చేస్తే చాలదు. 1950లలోనే అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల కుటుంబాలను అక్కడే ఉండనిచ్చారు. ఫ్యామిలీ థెరపీలో లోపల దాచుకున్న మాటలు గొడవ లేకుండా బయటికి వస్తాయి.

ఇంతకీ పనిచేస్తుందా?

గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో విక్రమ్ పటేల్ బృందం దీన్ని పరీక్షించింది. తీవ్రమైన కుంగుబాటు ఉన్న 495 మందిని తీసుకున్నారు. కొందరికి మామూలు వైద్యంతో పాటు, పైన చెప్పిన 'పనిని పట్టుకునే' పద్ధతిలో ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులు జరిపారు. చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన మామూలు మనుషులు. మూడు నెలల తర్వాత చూస్తే మామూలు వైద్యం అందినవాళ్లలో నూటికి 39 మంది, థెరపీ కూడా అందినవాళ్లలో 64 మంది కుంగుబాటు నుంచి బయటపడ్డారు. 2016 చివర్లో వెలువడిన ఫలితాలివి.

మరి ఇంట్లోవాళ్ల మాటకూ దీనికీ తేడా ఏమిటి? ఇంట్లోవాళ్లకు ప్రేమ ఉంటుంది, దానితో పాటు భయమూ ఉంటుంది. అందుకే వినడం కంటే చెప్పడం ఎక్కువవుతుంది. థెరపిస్టు మాటకు ఒక క్రమం, లక్ష్యం ఉంటాయి. గోప్యత ఉంటుంది. అది రోగి హక్కు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. ఒకరి సంగతి ఇంకొకరికి ఇట్టే తెలిసిపోయే చిన్న ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు.

ఎంచుకునే ముందు...

భయాలకూ కుంగుబాటుకూ మొదటి రెండు పద్ధతులకు ఆధారాలు ఎక్కువ. ఒకే రకం చిక్కులు జీవితంలో మళ్లీమళ్లీ వస్తుంటే గతంలోకి వెళ్లే పద్ధతి మేలు చేయొచ్చు. ఇంటి గొడవలకు ఫ్యామిలీ థెరపీ. స్కిజోఫ్రీనియా, బైపోలార్ వంటి జబ్బుల్లో మందులే ప్రధానం, థెరపీ వాటికి తోడు. డాక్టరును అడక్కుండా మందులు మానకండి.

'మీరేం చదివారు? ఏ పద్ధతిలో చేస్తారు? ఎన్ని సిట్టింగులు?' అని మొహమాటం లేకుండా అడగండి. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. కొన్ని వారాలైనా తేడా కనిపించకపోతే ఆ సంగతి వాళ్లకే చెప్పండి. పద్ధతి మార్చుకోవడం, మనిషిని మార్చుకోవడం తప్పు కాదు.

ముందుగా హైదరాబాద్ పరుగెత్తక్కర్లేదు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయొచ్చు. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ, తెలుగులోనే. ఎవరైనా 'బతికి ఏం లాభం' అన్నారంటే తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు చేతికందకుండా చేయండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

డోర్నకల్ స్టేషన్‌లో దిగి 'భద్రాచలం రోడ్ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తది?' అని అడగడానికి ఎవరమూ సిగ్గుపడం. తెలియకపోతే అడుగుతాం. మనసు దారి తప్పినప్పుడూ అంతే. అడిగితే చెప్పేవాళ్లున్నారు. అడగడమే మనవంతు.