తుపాకికి తెలుగు నేర్పబోయి

కాలేజీలో తెలుగు చెప్పుకునేవాడికి తుపాకితో ఏం పని అని మీరడగవచ్చు. మా ఇంటావిడా అదే అడిగింది. ఇరవయ్యేళ్ళుగా నేను ఝళిపించిన ఆయుధమల్లా ఎర్రసిరా కలం. అయినా మొన్న వేసవి సెలవుల్లో ఒక పెద్దమనిషి నాలుగు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరైనాయన. కొత్తగా చేరిన జైలు వార్డర్లకు ఇప్పుడు ఆయుధశిక్షణ ఇస్తున్నాడు.

"కుర్రాళ్ళంతా తెలుగు మీడియం వాళ్ళు, మేష్టారూ. ఈ ఇంగ్లీషు నోట్సు బట్టీపట్టి పరీక్షలో రాసేస్తున్నారు. చేతికి రైఫిలు ఇస్తే మాత్రం తికమకపడుతున్నారు. కాస్త తెలుగులో పెట్టి పుణ్యం కట్టుకోండి," అన్నాడు.

నాలుగు కాగితాలే గదా అని ఒప్పుకున్నాను.

మొదట్లో పని హాయిగానే సాగింది. తుపాకి అన్న మాట తురుష్కుల భాషనుంచి వచ్చినా, మనింట్లో పుట్టిన పిల్లలాగే కలిసిపోయింది. ఇంగ్లీషువాడి మజిల్‌కు మనకు మూతి ఉన్నది. బట్‌కు మడమ ఉన్నది. బారెల్ గొట్టమూ, ట్రిగ్గర్ మీటా అయినాయి. ఈ లెక్కన సాయంకాలానికి పూర్తిచేసి కాఫీ తాగవచ్చుననుకున్నాను.

తూటా దగ్గర బండి ఆగింది. గుండుకూ తూటాకూ తేడా ఏమిటో అప్పటిదాకా నాకే తెలియదు. పత్రికలవాళ్ళు రెంటినీ ఒకటి చేసి రాస్తారు, నేను చదువుతాను. హవల్దారుగారు బొమ్మ గీసి చూపించాడు. ఇత్తడి తొడుగు, దాని అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న టోపీ, లోపల మందు, కొసన గుండు. ఈ నాలుగూ కలిస్తే తూటా. పేలాక గుండు ఎదురుగా ఉన్న మట్టికట్టలో కూరుకుపోతుంది. తొడుగు మన దగ్గర మిగులుతుంది. సాయంకాలం లెక్క అప్పజెప్పేది ఆ తొడుగులనే. పది తూటాలిస్తే పది తొడుగులు రావాలి. పేలనివి ఉంటే అవి తూటాలుగానే రావాలి. ఒక్కటి తగ్గినా అది తేలేదాకా ఎవరూ భోజనానికి కదలకూడదు.

"పుస్తకంలో గుండ్లు అని రాశారనుకోండి, మట్టికట్ట తవ్వి ఏరుకురావాలి మేం," అన్నాడాయన.

"పోనీ, రౌండు అంటారు గదా?"

"జైల్లో రౌండంటే గస్తీ తిరగటం, మేష్టారూ. రాత్రి రెండు రౌండ్లు వేశానని వాడు చెపితే నా గుండె ఆగదూ?"

చాంబర్ అన్న మాటకు అరగంట ఆలోచించాను. తూటా పేలేముందు కూర్చునే చోటు అది. గది అని పెట్టి, 'గది ఖాళీగా ఉన్నదో లేదో చూడవలెను' అని రాశాను. జైల్లో గది అంటే ఖైదీ ఉండేది. అది ఖాళీగా ఉంటే పుట్టే గొడవ వేరు! చాంబర్‌ను చాంబర్‌గానే ఉంచేశాము. మేగజైన్ జోలికి అసలు పోలేదు. అది అరబ్బుల కొట్టుగది మాట. తూటాల పెట్టెకూ, మీ చేతిలోని ఈ వారపత్రికకూ ఆ పేరే. 303 అంటే గొట్టం లోపలి అడ్డుకొలత అంగుళంలో వెయ్యింట 303 పాళ్ళని, అంటే సుమారు 7.7 మిల్లీమీటర్లని, నాకూ అప్పుడే తెలిసింది. ఏదో చట్టం సెక్షను కాబోలనుకునేవాణ్ణి.

అసలు తప్పు మూడో కాగితంలో చేశాను. ఇంగ్లీషులో 'మేక్ సేఫ్' అని ఉన్నది. 'ఆయుధమును భద్రపరచుము' అని నిండుగా రాశాను. హవల్దారుగారు పైకి చదివి కళ్ళజోడు తీశాడు.

"అమ్మగారు నగలు భద్రపరిచారంటే ఏం చేసినట్టు, మేష్టారూ?"

"బీరువాలో పెట్టి తాళం వేసినట్టు."

"మావాడూ అదే చేస్తాడు. లోపల తూటా ఉండగానే రైఫిలు తీసుకెళ్ళి స్టాండులో పెట్టి తాళం వేస్తాడు. మర్నాడు పొద్దున తుడవటానికి తీసేది ఇంకొకడు."

నాకు నోట మాట రాలేదు. ఆ వాక్యంలో వ్యాకరణదోషం ఒక్కటీ లేదు. ఆ తుడిచే కుర్రవాడెవరో నేనెరుగను, కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే లేచి 'తూటాలన్నీ తీసివేసి, ఖాళీ అయినదని కళ్ళతో చూచుకొనుము' అని మార్చాను.

తరవాతి వాక్యంలో మాత్రం తెలుగు నా పరువు నిలబెట్టింది. కొన్ని ఆయుధాలలో బోల్టు లాగి వదిలితే మేగజైన్‌లోని పై తూటా వచ్చి చాంబర్‌లో కూర్చుంటుంది. ఆ తరవాత మేగజైన్ ఊడదీసి 'ఖాళీ' అన్నవాడి తుపాకిలో ఒక తూటా మిగిలే ఉంటుంది. కాబట్టి ముందు మేగజైన్, తరవాత బోల్టు. నోట్సులో బోల్టు మాట ముందు వేసి, మేగజైన్ తీసిన తరవాత అన్నది తోకలా వెనక తగిలించారు. కుర్రాళ్ళు చదివిన వరసలోనే చేస్తున్నారట. తెలుగులో ఆ బాధ లేదు. 'మేగజైన్ తీసి, బోల్టు లాగి, చాంబర్‌లోకి చూచి, చిటికెనవేలి కొనతో తడిమి' అంటాం. ఏ పని ముందో ఆ మాటే ముందు. క్త్వార్థానికి ఇంత ప్రయోజనం ఉన్నదని ఇన్నేళ్ళలో ఒక్క క్లాసులోనూ చెప్పలేదు నేను.

మిగిలినవి నాలుగు కట్టుబాట్లు. అమెరికా మెరీన్ దళంలో పనిచేసిన జెఫ్ కూపర్ (1920–2006) ప్రచారంలోకి తెచ్చినవి. ప్రతి తుపాకిలోనూ తూటా ఉన్నదనే అనుకోవాలి. నాశనం చెయ్యదలచని దేనివైపూ మూతి తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు మీటమీదికి పోకూడదు. కొడుతున్నదేమిటో, దాని వెనక ఏమున్నదో తెలిసి ఉండాలి. మీట నొక్కినా పేలకపోతే? దీపావళినాడు తుస్సుమన్న టపాకాయ మీదికి వంగి చూడబోయిన పిల్లవాణ్ణి మనం రెక్క పట్టుకుని లాగుతాం. ఇదీ అంతే. మూతి గురివైపే ఉంచి అర నిమిషమైనా ఆగాలి. టోపీ రాజుకున్నా మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.

జైలు లోపల ఖైదీల మధ్య తిరిగేవాడు మామూలుగా తుపాకి పట్టుకుపోకూడదని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాలలో 82వది చెపుతున్నది. శిక్షణ లేనివాడికి ఎట్టి పరిస్థితిలోనూ ఆయుధం ఇవ్వరాదని కూడా అందులోనే ఉన్నది. ఆ రెండో ముక్కకోసమే హవల్దారుగారు నా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

కాగితాలు అచ్చయినాక ఒకరోజు తరగతికి రమ్మన్నాడు. ముప్పై మంది కుర్రాళ్ళు వరసగా కూర్చున్నారు. నన్ను పరిచయం చేసి, రైఫిలు మూతి ఎదురుగా ఉన్న మట్టికట్టవైపు ఉంచి, "ఖాళీదే, మేష్టారూ, పట్టుకోండి," అన్నాడు. ఆప్తవాక్యం ప్రమాణమని తర్కం చదువుకున్నవాణ్ణి. చెయ్యి చాచి తీసుకున్నాను.

"సార్, చూడలేదు!" అని వెనక వరసలోంచి ఒకడు కేకవేశాడు. తరగతి తరగతంతా గొల్లుమన్నది. హవల్దారుగారు మాత్రం నవ్వలేదు, నావైపే చూస్తున్నాడు.

ఆ బోల్టు బిగుసుగా ఉన్నది. రెండోసారికి గాని తెరుచుకోలేదు. లోపలికి చూచి, చిటికెనవేలు పెట్టి తడిమాను.

"ఖాళీ," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"గట్టిగా, మేష్టారూ. చివరి వరసకు వినిపించాలి."