రాత్రి స్టడీ అవర్ ఎవరి కోసం?

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాల పొడవునా కోచింగ్ బోర్డులే, వెనక సందుల్లో హాస్టళ్లే. టీనేజీ పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలంటారు వైద్యులు. తెల్లారకముందే లేపి, రాత్రి పది దాటాక వదిలే టైంటేబుల్లో అది సాధ్యమేనా? రోజుకో గంట ఒళ్లు అలిసేలా ఆడాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. వీఎం హోం మైదానం దగ్గర్లోనే ఉంది, గేటు దాటనిచ్చేదెవరు? జాగ్రత్తలన్నీ పిల్లలకే చెప్పి, వాళ్ల గంటలన్నీ పెద్దలే లాక్కుంటే ఎలా?

2019 ఇంటర్ ఫలితాల గందరగోళంలో పిల్లల్ని ఆత్మహత్యల్లో పోగొట్టుకున్న రాష్ట్రం మనది. అందుకే ర్యాంకుల ఫ్లెక్సీల పక్కనే మానసిక ఆరోగ్య సహాయానికి టెలిమానస్ 14416 నంబరు రాయించాలి. ఆ ఫోన్ చేసుకోవడానికి వార్డెన్ అనుమతి అక్కర్లేదని కూడా కిందే రాయాలి.