నిరాడంబరత – ఆరాధనా మందిరాలు

ఆరాధనా మందిరమనగానే మన మనోనేత్రం ముందు ఉన్నతమైన శిఖరాలు, చిత్రవిచిత్రమైన శిల్పాలు నిలుస్తాయి. అలంకారమెంత ఎక్కువైతే భక్తి అంత గొప్పదనే భావన మనలో బలంగా నాటుకొని ఉన్నది. కాని ఇరవయ్యవ శతాబ్దపు క్రైస్తవ దేవాలయ నిర్మాణంలో కొందరు వాస్తుశిల్పులు ఇందుకు భిన్నమైన మార్గాన్ని అవలంబించారు. 1930లో జర్మనీలోని ఆకెన్ నగరంలో రుడోల్ఫ్ ష్వార్జ్ నిర్మించిన చర్చిలో తెల్లని గోడలు, నల్లని రాతి బలిపీఠం మాత్రమే ప్రధానంగా కనిపిస్తాయి.

ఈ మార్గంలో ప్రసిద్ధి కెక్కినది జపానులో ఒసాకా సమీపాన, ఇబరాకి పట్టణంలో తడావో ఆండో రూపొందించిన ‘వెలుగు చర్చి’. 1989లో పూర్తయిన ఈ మందిర వైశాల్యం సుమారు 113 చదరపు మీటర్లు మాత్రమే. ఇందులో శిలువను చెక్కలేదు, పోత పోయలేదు. వేదిక వెనుక కాంక్రీటు గోడలో శిలువ ఆకారంలో సన్నని సందులు విడిచారు. ఆ చీకటి గదిలో వెలుగే శిలువగా నిలుస్తుంది. సంఘం వద్ద ధనం స్వల్పం. పరంజా పలకలే నేలగా, కూర్చొను బల్లలుగా మారాయి.

నిరాడంబరమంటే సులభమని భ్రమపడరాదు. సున్నపు పూత గల గోడలో మేస్త్రీ పొరపాటును పూత దాచిపెడుతుంది. పూతలేని కాంక్రీటులో సెంట్రింగు పలక కొంచెం వంగినా ఆ లోపం శాశ్వతంగా కనిపిస్తుంది. అలంకారం తగ్గినకొద్దీ పనివాని బాధ్యత పెరుగుతుంది.

అయితే ఈ శూన్యత ఎవరి కొరకు? శిలువ సందులకు అద్దాలు వద్దనీ, వెలుగుతో పాటు గాలి కూడ లోనికి రావలెననీ ఆండో కోరిక. చలికి తాళలేమని సంఘస్థులన్నారు. చివరకు అద్దాలు బిగించారు. ఆ అద్దాలను ఏనాటికైనా తీయించవలెనని ఆండో తరువాత కూడ చెప్పుచునే ఉన్నారు. నా అభిప్రాయంలో న్యాయం సంఘస్థుల పక్షాననే ఉన్నది. కట్టినవాడు ఒకనాడు వెళ్లిపోతాడు. ప్రతి శీతకాలమూ అక్కడ కూర్చొని ప్రార్థించవలసినవారు వృద్ధులు, పిల్లలు. అద్దం వచ్చినంత మాత్రాన వెలుగు తగ్గలేదు.

అలాగని అలంకారమంతా దుర్వ్యయమని తీర్పు చెప్పుట కూడ అన్యాయమే. 1924లో ప్రతిష్ఠితమైన మన మెదక్ చర్చి కిటికీలలో క్రీస్తు జననం, శిలువ మరణం, ఆరోహణం వర్ణచిత్రాలై ఉన్నాయి. చదువురాని వానికి ఆ గాజు పలకలే గ్రంథం. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో యుద్ధకాలపు బాంబులకు దెబ్బతిన్న ప్రాచీన సెయింట్ మోరిట్జ్ చర్చిని జాన్ పాసన్ 2013 నాటికి శ్వేతవర్ణంతో నిరాడంబరంగా తీర్చిదిద్దినప్పుడు కూడ, పదిహేడవ శతాబ్దపు క్రీస్తు ప్రతిమను తొలగించక, అందరి దృష్టి నిలిచే స్థానంలో ఉంచాడు. ఏమి తీసివేయవలెనో తెలిసినవానికి ఏమి నిలుపవలెనో కూడ తెలియవలెను.

కనుక మందిరం ఏ మతస్థులదైనా, దానిని నిర్మించబూనిన సంఘాలు మొదట అడుగవలసిన ప్రశ్న శిఖరమెంత ఎత్తు అని కాదు, గోడలెంత బోసిగా ఉండవలెనని కూడ కాదు. నిత్యం అక్కడికి వచ్చే సామాన్యునికి ఏది అవసరమన్నదే ఆ ప్రశ్న. అతనిని అడిగిన పిమ్మట కుదిరిన నిరాడంబరతయే నిజమైన నిరాడంబరత. అతనిని అడుగక రుద్దినది, ఎంత సాదాగా కనిపించినా, మరొక విధమైన ఆడంబరమే.