పందెం వదిలిన పెద్దలు

2025 అక్టోబరులో ఒక రాత్రి మా అబ్బాయి కంచం ముందు కూర్చుని, అన్నం కలిపి, ముద్ద నోట పెట్టకుండా అలాగే ఉండిపోయాడు. ఇంటరు చదివే పిల్లవాడికి అన్నం సయించలేదంటే తల్లికి తోచే కారణం ఒక్కటే.

"పరీక్ష పోయిందిట్రా?" అంది మా ఆవిడ.

"పోర్షే వాళ్లు తప్పుకున్నారమ్మా" అన్నాడు వాడు.

"ఎవరూ, వెనకవీధిలో కొత్తగా దిగినవాళ్లా? అప్పుడే ఇల్లు ఖాళీ చేశారా?"

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికే నాకూ అంతకన్న ఎక్కువ తెలిసేది కాదు గాని, నాలుగైదేళ్లుగా జూన్ నెలలో ఒక రాత్రి మా ఇంట జాగరణ జరుగుతోంది. శివరాత్రినాడు తొమ్మిదింటికే గురక పెట్టే మావాడు, ఫ్రాన్సులో లె మాన్స్ అనే ఊరి కారు పందెం కోసం తెల్లవార్లూ టీవీ ముందు కూర్చుంటాడు. తోడు కూర్చున్న పాపానికి నాకూ కొంత పట్టుబడింది.

1923లో మొదలైన పందెం అది. 24 గంటలు ఏకధాటిగా నడుస్తుంది. ఒక్కొక్క చుట్టూ పదమూడున్నర కిలోమీటర్ల పైచిలుకు. అందులో చాలా భాగం మామూలు రోజుల్లో జనం బళ్లు తిరిగే రోడ్డే. ఒక్కొక్క కారును ముగ్గురు వంతులవారీగా నడుపుతారు. చీకటీ వానా నిద్రమత్తూ అన్నీ దాటాలి. ఎంత వేగంగా పోయినా తెల్లారేదాకా నిలవని బండికి అక్కడ విలువ లేదు. అలాంటి పందెం 19 సార్లు గెలిచిన కంపెనీ పోర్షే. అన్ని గెలుపులు మరెవరికీ లేవు. 2025 జూన్‌లో రేయింబవళ్లు పరుగెత్తి, కేవలం 14 సెకన్ల తేడాతో రెండో స్థానంలో నిలిచింది. నాలుగు నెలలు తిరక్కుండానే, ఆ ఏడాదితో ఆ ప్రపంచ పోటీలకు స్వస్తి అని ప్రకటించింది. అమెరికా పందేల్లో మాత్రం ఉంటారట.

"పేరు తెచ్చుకున్నదే అక్కడ నాన్నా! ఇది ఏరు దాటి తెప్ప తగలేయడం కాదూ?" అన్నాడు మావాడు, కళ్లు ఎర్రజేసుకుని.

"ఒరే, పందెం నీకు వ్రతం. కంపెనీకి ప్రకటన" అన్నాను. చైనాలో అమ్మకాలు పడిపోయాయి. లాభాలు తగ్గాయి. ఖర్చులు తగ్గించుకునేవాడు ముందు ప్రకటనల జోలికే పోతాడు. ఇదేం కొత్త కాదు. 2000కీ 2014కీ మధ్య 13 సార్లు గెలిచిన ఆడి కంపెనీ ఏం చేసింది? మాతృసంస్థ ఫోక్స్‌వాగన్ డీజిలు కార్ల పొగ విషయంలో చేసిన మోసం 2015లో బయటపడింది. మరుసటి ఏడే ఆడి తప్పుకుంది. 2017లో ఇదే పోర్షే ఒకసారి వెళ్లి, మళ్లీ వచ్చింది. ప్యూజో వారి సంగతి మరీ చోద్యం. 2012 జనవరిలో వారి జట్టు అమెరికాలో సెబ్రింగ్ అనే చోట కారు పరీక్షలకని దిగి ఉండగా, ఇక పందేలు లేవని ఇంటినుంచి కబురు వచ్చింది.

"టొయోటా వాళ్లు ఉండిపోలేదూ?" అన్నాడు వాడు.

నిజమే, ఉండిపోయారు. 1985లో మొదటిసారి వచ్చిన ఆ కంపెనీకి 2016లో గెలుపు మూడు నిమిషాల్లో ఉందనగా బండి మొరాయించింది. గెలుపు పోర్షేకు పోయింది. 2018 నాటికి పై తరగతిలో మిగిలిన పెద్ద కంపెనీ తానొక్కతే. మొదటి రెండు స్థానాలూ దానివే. మూడో బండి 12 చుట్లు వెనక! ముప్పైమూడేళ్లు ఎదురుచూసిన గెలుపు చేతికి వచ్చేసరికి, ఓడించదగిన సాటివాడు లేకపోయాడు.

"అయితే ఉన్నవాళ్లంతా మంచివాళ్లు, వెళ్లినవాళ్లంతా చెడ్డవాళ్లు అనుకోకు" అని 1955 సంగతి చెప్పాను. జూన్ 11 సాయంకాలం మెర్సిడెస్ కారు ఒకటి ముందు బండికి తగిలి, పైకి లేచి, దాని ముక్కలు జనంమీద విరుచుకుపడ్డాయి. దాన్ని నడుపుతున్న పియరీ లెవేతో పాటు 80 మందికి పైగా పోయారు. పందెం ఆపితే తిరిగిపోయే జనంతో దారులు కిక్కిరిసి అంబులెన్సులు కదలవని నిర్వాహకులు ఆపలేదు. అర్ధరాత్రి దాటాక జర్మనీనుంచి మెర్సిడెస్ పెద్దల ఆజ్ఞ వచ్చింది. అప్పటికి ఫాంజియో, మాస్ నడుపుతున్న మెర్సిడెసే అందరికన్న ముందుంది. ఆ బండినీ, మిగిలినదాన్నీ వెనక్కి పిలిపించి, చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయారు. మీరూ మానండని జాగ్వార్ వారిని అడిగితే వారు ఒప్పుకోలేదు. మర్నాడు గెలుపు జాగ్వార్‌దే. గెలిచిన హాథార్న్ నవ్వుతూ షాంపేను తాగుతున్న ఫొటోను ఒక ఫ్రెంచి పత్రిక వెటకారంగా అచ్చువేసింది. ఆ ఏడాది చివర మెర్సిడెస్ పందేలే మానుకుంది. మళ్లీ లె మాన్స్‌లో, సౌబర్ జట్టుతో కలిసి, గెలిచింది 1989లో.

మావాడు కాసేపు మాట్లాడలేదు. "మరి పెద్దవాళ్లు పోతే పందెం ఎలా బతికింది?" అన్నాడు చివరికి.

చిన్నవాళ్ల వల్ల. 1967లో గెలిచి ఫోర్డ్ కంపెనీ తప్పుకుంటే, జాన్ వైయర్ అనే ఆయన జట్టు ఆ ఫోర్డ్ కార్లతోనే 1968లోనూ 1969లోనూ గెలిచింది. రెండేళ్లూ గెలిచింది ఒకే బండి! రెండోసారి నూరు మీటర్లకు అటూ ఇటూగా వెనకబడి ఓడినది పోర్షేయే. మరుసటి ఏడు, 1970లో, పోర్షే మొదటిసారి గెలిచింది. 2025లో ఆ 14 సెకన్ల తేడాతో దాన్ని ఓడించింది కూడా ఫెరారీ సొంత జట్టు కాదు, ఒక ప్రైవేటు జట్టు నడిపిన పసుప్పచ్చ ఫెరారీ.

తప్పుకునే హక్కు కంపెనీకి ఉంది. కాని ఆ సెబ్రింగ్‌లో నూనె చేతులతో నిలబడి కబురు విన్న మెకానిక్కులే నాకు ఎక్కువగా గుర్తొస్తారు. వారికి ఆ కారు ప్రకటన కాదు.

"ఇంతకీ ఆ పోర్షే వాళ్లు మళ్లీ వస్తారా?" అంది మా ఆవిడ.

"రాకేం? 1973 తర్వాత పై తరగతి వదిలిన ఫెరారీ 2023లో తిరిగొచ్చి, వచ్చిన ఏడే గెలిచింది."

"యాభై ఏళ్లా! అందాకా అన్నం మానేస్తే ఎలారా? పెరుగు వేస్తున్నాను, చెయ్యి తియ్యి" అంది.